మోకాలి ఎత్తులో ఎండ

అనంతపురంలో ఇవాళ 41 డిగ్రీలు అని టీవీలో వచ్చిందంటే అది నేల మీది వేడి కాదు. నేలకు ఒకటింబావు మీటరు ఎత్తున, తెల్లరంగు పూసిన పెట్టెలో, నీడన, గాలి ఆడేచోట ఉంచిన థర్మామీటరు చూపే అంకె అది. ప్రపంచమంతా ఇంచుమించు ఇదే పద్ధతి. ఆ ఎత్తు మన ఛాతీకి దగ్గర కాబట్టి మన ఒంటికి తగిలే గాలి గురించి ఆ అంకె కాస్తో కూస్తో నిజమే చెబుతుంది. మన పక్కన నడిచే కుక్క సంగతి వేరు. నాటుకుక్క వీపు నేలకు అర మీటరు పైన ఉంటుంది. పొట్ట ఇంకా కింద. పాదాలు సరేసరి. మార్చి దాటాక మిట్టమధ్యాహ్నం ఎండిన నేల పైపొర 60 డిగ్రీలకు చేరడం ఈ సీమలో వింతేమీ కాదు. బాట ఒకటే, వేళ ఒకటే, కానీ మనిషి నడిచే ఎండ ఒకటి, కుక్క నడిచే ఎండ మరొకటి.

విడపనకల్లు దిక్కున ఈ తేడా మరీ ఎక్కువ. జిల్లాకు పడమటి అంచున, బళ్లారిని ఆనుకొని ఉన్న మండలం ఇది. అనంతపురం అనగానే ఎర్రనేల, వేరుశనగ గుర్తొస్తాయి గానీ ఇక్కడ ఎటు చూసినా నల్లరేగడి, మధ్యమధ్య గాలిమరలు. చలికాలంలో శనగ, పత్తి, మిరప కనిపిస్తాయి. కోతలయ్యాక మిగిలేది నెర్రెలు విచ్చిన నేలే. నలుపు ఎండను తాగేస్తుంది. దానికితోడు దున్ని వదిలేసిన రేగడి పైపొర పొడిపొడిగా, సందుల్లో గాలి నిండి ఉంటుంది కాబట్టి వేడిని లోపలికి దిగనివ్వదు. పడ్డ ఎండంతా పైనున్న అంగుళం రెండంగుళాల్లోనే పోగుపడుతుంది. జానెడు లోతున అదే నేల చల్లగా ఉంటుంది. వేపచెట్టు కింద ఊరకుక్క ముందుకాళ్లతో గొయ్యి తీసి, వెంట్రుకలు పలచగా ఉండే పొట్టను అందులో ఆనించి పడుకునేది అందుకే. దాని ఒంటి వేడి ఆ చల్లటి మట్టిలోకి దిగిపోతుంది. ఎండలో నడుస్తూ నడుస్తూ కుక్క ఉన్నట్టుండి ఆగి గొయ్యి తీయబోయిందంటే అది ఆట అనుకోకూడదు. నడక ఆపమని చెప్పడమే అది.

అలాగని ఇక్కడి నేల ఎడారి కాదు. పడమటి కనుమలు వానమబ్బుల్ని అటువైపే పిండేయగా మిగిలిన తడి మాత్రమే అందే వాననీడ సీమ. ఏడాది మొత్తం సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ వస్తే వచ్చినట్టు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన చూసే జిల్లా ఇదేనని పేరు పడిపోయింది. అచ్చంగా ఎడారిలా కనిపించే చోటు కావాలంటే బొమ్మనహాళ్ మండలంలోని దర్గా హొన్నూరుకు పోవాలి. హగరి అని పిలిచే వేదవతి నది ఎండిపోయాక, నైరుతి గాలులు ఆ ఏటి ఇసుకను ఎత్తి పొలాల మీద దిబ్బలుగా పోశాయి. అక్కడ ఫోటో దిగినవాళ్లు థార్‌లో దిగామని చెప్పుకున్నా నమ్మేయవచ్చు.

ఈ నేల మీద కుక్కతో రోజంతా నడవడం కొత్తగా పుట్టిన సరదా కాదు. కురుబలు, యాదవులు గొర్రెల మందలు తోలుకొని తరతరాలుగా చేస్తున్న పని అది. కోత అయిన చేలల్లో, బీళ్లలో, వంకల వెంట జీవాలు మేస్తూ పోతుంటే కుక్కలు పక్కన నడుస్తాయి. రాత్రి మంద పడుకునే రొప్పం దగ్గర కాపలా వాటిదే, ఎందుకంటే ఈ జిల్లాలో తోడేళ్లు ఇంకా ఉన్నాయి. కాపరి గడియారం ఎలా నడుస్తుందో ఒకసారి గమనించాలి. పొద్దు పొడవకముందే మంద కదులుతుంది. పొద్దు నడినెత్తికి రాకముందే చింతచెట్టు కిందికో వంక గట్టుకో చేరుతుంది. చెట్టు దొరకని చోట గొర్రెలే ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి గుంపు కడతాయి. కుక్క గొయ్యి చూసుకుంటుంది. పొద్దు వాలాకే మళ్లీ కదలడం. బెంగళూరు నుంచి లాబ్రడార్‌ను కార్లో వేసుకొని, టిఫిన్ కానిచ్చి తాపీగా పది గంటలకు నడక మొదలుపెట్టే వాళ్లు ఈ గడియారాన్ని తలకిందులు చేస్తున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు గానీ ఆ కుక్క మీద మాత్రం జాలి వేస్తుంది.

ఎందుకంటే ఎండలో మనిషికీ కుక్కకూ జోడీ కుదరదు. పరుగులో కుక్కే మిన్న. వాసనలో, వినికిడిలో మనం దాని దరిదాపులకు రాము. కానీ వేడిని వదిలించుకోవడంలో మనిషిని మించిన జంతువులు చాలా తక్కువ. మన చర్మం నిండా 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి. ఒంటి మీద వెంట్రుకలు పలచన. నిటారుగా నిలబడతాం కాబట్టి నడినెత్తి ఎండ మన తల మీద, భుజాల మీదే పడుతుంది. కుక్కకు వీపంతా ఎండకు పరిచినట్టే. దాని ఒంట్లో మనలాంటి చెమట గ్రంథులు ఉన్నది అరికాళ్ల మెత్తల్లో మాత్రమే. భయపడ్డ కుక్క ఆస్పత్రి నేల మీద తడి అడుగులు వేస్తుందే, ఆ తడి అదే. ఒళ్లు చల్లబరచడానికి అది ఏ మూలకూ చాలదు. కాబట్టి కుక్క రొప్పాలి.

రొప్పడంలో ఉన్న లెక్క చూడండి. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2.4 కిలోజౌళ్ల వేడిని లాక్కోవాలి. 20 కిలోల కుక్క ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 70 కిలోజౌళ్లు పడుతుంది. అంటే 100 మిల్లీలీటర్ల నీటిని నాలుక మీద, నోట్లో, ముక్కులో ఆవిరి చేయగలిగితే అది తన ఒంటిని మూడు డిగ్రీలకు పైగా పెరగకుండా ఆపుకున్నట్టే. కుక్క మామూలు వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే వడదెబ్బ. బతుకుకూ చావుకూ మధ్య ఉన్నది ఆ రెండు డిగ్రీలే కాబట్టి ఆ 100 మిల్లీలీటర్లు చిన్న సంగతి కాదు. చొంగగా కింద కారిపోయిన నీరు మాత్రం ఈ లెక్కలోకి రాదు. ఆవిరైతేనే చల్లదనం.

మామూలుగా నిమిషానికి ఇరవై ముప్పై సార్లు ఊపిరి తీసే కుక్క రొప్పేటప్పుడు మూడు వందలు దాటిస్తుంది. అంత వేగంగా కండరాలు ఆడితే వాటి నుంచే బోలెడు వేడి పుట్టాలి కదా, మరి లాభమేమిటి? ఈ చిక్కుముడిని 1962లో క్రాఫర్డ్ అనే శాస్త్రవేత్త విప్పాడు. కుక్క ఛాతీకి దాని సొంత ఊపు ఒకటుంది, సెకనుకు ఐదుసార్లకు కాస్త పైన. కుక్క సరిగ్గా ఆ లయలోనే రొప్పుతుంది. ఊగుతున్న ఊయలను దాని ఊపు చూసి తాకితే చాలు, పెద్దగా తోయనక్కరలేదు, ఇదీ అంతే. అందుకే కుక్క నెమ్మదిగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోదు. మామూలు ఊపిరి నుంచి ఒక్కసారిగా రొప్పులోకి దూకుతుంది.

ముక్కు పాత్రను చాలామంది మరచిపోతారు. 1970లో క్నూట్ ష్మిట్-నీల్సన్ బృందం, రొప్పే కుక్క ముక్కుతో పీల్చి నోటితో వదులుతుందని చూపింది. గాలి ఒక దారిన వచ్చి మరో దారిన పోతుంటే లోపల చల్లబడిన గోడలను బయటికి పోయే వేడిగాలి మళ్లీ వేడిచేయదు. ముక్కు పక్కన ఉండే ఒక గ్రంథి ఆ గోడలకు నిరంతరం నీరందిస్తుందని 1972లో తేలింది. ఇంకో ఐదేళ్లకు మేరీ యాన్ బేకర్, చాప్‌మన్ చేసిన ప్రయోగాల్లో, పరుగెత్తే కుక్క మెదడు దాని ఒంట్లోని రక్తం కంటే చల్లగా ఉంటుందని బయటపడింది. ముక్కులో చల్లబడిన రక్తం తిరుగుదారిలో మెదడుకు పోయే నాళాల పక్కగా ప్రవహించి వాటి వేడిని తీసుకుంటుంది. ఇప్పుడు పగ్‌నూ బుల్‌డాగ్‌నూ తలచుకోండి. మూతిని నొక్కేసి మనం తీసేసింది అందం ఒక్కటే కాదు, ఈ యంత్రాంగం మొత్తాన్నీ. ఆ జాతుల్ని రేగడి మీద నడకకు తేవడమే తప్పు. ఇంకొక మాట, కరుస్తుందేమోనని నోరు బిగించి పట్టీ కట్టి నడిపించేవాళ్లున్నారు. ఎండలో అది కుక్క ఊపిరి దారిని మూసేయడమే. తప్పదనుకుంటే నోరు తెరిచి రొప్పే వీలుండే బుట్టలాంటి చిక్కం వేయాలి.

అనంతపురం ఎండకు ఒక మంచి గుణముంది. అది పొడి ఎండ. గాలి పొడిగా ఉంటే నీరు తొందరగా ఆవిరవుతుంది. అదే 38 డిగ్రీలు నెల్లూరులో, మచిలీపట్నంలో కుక్కకు ఇంకా కష్టం. అయితే పొడి గాలి ఆ చల్లదనాన్ని ఊరికే ఇవ్వదు. రొప్పు సాగినంతసేపూ ఒంట్లో నీరు తరుగుతూనే ఉంటుంది.

మనిషినీ కుక్కనూ కలిపి ఎడారిలో పరీక్షించిన ముచ్చట కూడా ఉంది. 1930ల మొదట్లో నెవాడా ఎడారిలో హూవర్ ఆనకట్ట కడుతుండగా కూలీలు వడదెబ్బకు, కండరాల పట్టేతకు కూలిపోసాగారు. హార్వర్డ్ ఫెటీగ్ లాబొరేటరీ నుంచి డేవిడ్ బ్రూస్ డిల్ బృందం 1932లో అక్కడికి పోయింది. చెమటతో ఉప్పు పోవడమే పట్టేతకు కారణమని ఆ పరిశోధనల్లో తేలింది. మరుసటి ఏడు డిల్ బృందమే మనిషి, కుక్క వేడిని వదిలించుకునే తీరులను పోలుస్తూ ఒక వ్యాసం అచ్చువేసింది. కుక్క రొప్పుతో పోగొట్టుకునేది దాదాపు ఉత్త నీరే. కాబట్టి మన కోసం కలుపుకున్న ఓఆర్‌ఎస్‌ను దానికి పోయనక్కరలేదు. మామూలు మంచినీళ్లు చాలు.

దాహం సంగతిలో కుక్క మనల్ని చిత్తు చేస్తుంది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ అడాల్ఫ్ 1939లో చూపిందేమిటంటే, నీరు తగ్గిన కుక్క ఎదుట గిన్నె పెడితే కొద్ది నిమిషాల్లోనే సరిగ్గా ఎంత తగ్గిందో అంతా తాగేసి మూతి తిప్పుకుంటుంది. కడుపులోకి పోయిన నీరు ఇంకా రక్తంలో కలవకముందే ఆ లెక్క ఎలా తెలుస్తుందన్నది ముచ్చటైన ప్రశ్న. మనిషి అలా కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాలిఫోర్నియా ఎడారిలో సైనికులను గమనించిన అడాల్ఫ్‌కే, నీళ్లు చేతిలో ఉన్నా మనిషి పోగొట్టుకున్నంత తాగడని, తర్వాత భోజనాల వేళకు గానీ లోటు పూడదని అర్థమైంది. కాబట్టి నడకలో మనకు దాహం వేసినప్పుడే కుక్కకూ పోద్దామనుకుంటే దెబ్బ తింటాం. నీళ్లు చూపించడం మన పని, లెక్క అది చూసుకుంటుంది.

ఎలా చూపించాలన్నదీ ముఖ్యమే. సీసా వంచి దోసిట్లో సన్నగా ధారకడితే సగానికి పైగా నేలపాలు. 2015లో వర్జీనియా టెక్ శాస్త్రవేత్తలు కుక్కలు నీళ్లు తాగే తీరును వేగవంతమైన కెమెరాలతో తీశారు. కుక్క నాలుకను వెనక్కి, గరిటెలా మడుస్తుంది. ఆ గరిటెలోకి వచ్చిన నీళ్లు చాలామటుకు కింద పడిపోతాయి. నాలుకను మెరుపులా పైకి లాగినప్పుడు దాని వెంట ఒక నీటి స్తంభం లేస్తుంది. అది విరిగి పడేలోపు దవడ మూసి ఆ ముక్కను కొరికేస్తుంది. ఈ స్తంభం లేవాలంటే గిన్నెలో కాస్త లోతుగా నీరుండాలి. ఇంట్లోని స్టీలు గిన్నె సంచిలో వేసుకుంటే సరి. 20 కిలోల కుక్కకు ఇంటిపట్టునే రోజుకు లీటరు దాకా కావాలి. పూట నడకకు దాని వంతు రెండు లీటర్లు మోయాల్సిందే. దారిలో కుంట కనిపిస్తుందని ఆశపడవద్దు, ఫిబ్రవరికే చాలా కుంటలు బీటలు. తుంగభద్ర ఎగువ కాలువ పారుతున్నప్పుడు నీళ్లకు కొదవలేదు గానీ సిమెంటు పూసిన ఏటవాలు గట్టు మీద జారిన కుక్క పైకి ఎక్కలేదు. కాలువ దగ్గర గొలుసు వదలకూడదు.

పాదాల విషయంలో ఒక అపోహ ఉంది, కుక్క అరికాలు తోలు కాబట్టి కాలదని. మంచు మీద మాత్రం అది నిజంగా గట్టి పాదమే. జపాన్‌లోని యమజాకి గకుయెన్ విశ్వవిద్యాలయంలో నినోమియా బృందం 2011లో చూపినట్టు, మెత్తల్లో ధమనులూ సిరలూ అల్లుకొని ఉండి, పాదానికి దిగే వేడిరక్తం పైకెళ్లే చల్లని రక్తాన్ని వెచ్చబరుస్తుంది. చలికి పనికొచ్చే ఈ ఏర్పాటు కాలిన తారుకు పనికిరాదు. మన చర్మం మీద 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ చేసిన పరీక్షల్లో 44 డిగ్రీల దగ్గర కాలడానికి ఆరు గంటలు పట్టింది, 60 దగ్గర కొద్ది సెకన్లే. మెత్త మందం కాబట్టి కుక్కకు కొంత గడువు దొరుకుతుంది, అంతే. అరచేతి వెనక వైపును నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ బాట కుక్కది కాదు. సాయంత్రం ఆరు గంటలకు రేగడి పైపొర చల్లబడిపోయినా బళ్లారి వైపు పోయే తారురోడ్డు, బండరాళ్లు మాత్రం లోపల దాచుకున్న వేడిని ఇంకా కక్కుతుంటాయి. ముళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పల్లేరుకాయలు, సర్కారుతుమ్మ కంప ఎక్కడ చూసినా ఉంటాయి. కుక్క ఒక కాలు ఎత్తి నిలబడితే వెంటనే వేళ్ల సందులు చూడాలి. వాన పడ్డాక అవే సందుల్లో రేగడి బంక ముద్దకట్టి, ఎండి, రాయిలా నొక్కుతుంది.

ఈ మండలంలోనూ పక్కనున్న ఉరవకొండ, వజ్రకరూరు చేలలోనూ కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. మన రాష్ట్ర జంతువు. శనగ మొలకలు మేసిపోతున్నాయని రైతులకు వాటితో తగువు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న ఈ జింకను తరమడం నేరం. కుక్కకు ఆ చట్టం తెలియదు. జింకలు లేచి గంతేయగానే వెంటపడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దాకా దూసుకుపోయే జింక దానికి చిక్కదు గానీ ఆ పరుగులోనే కుక్క చావు దాగి ఉంటుంది. కండరం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు కదలికకు పోతే మిగతా మూడు వంతులూ వేడే. నడకలో అదుపులో ఉన్న లెక్క రెండు మూడు నిమిషాల పరుగులో తప్పిపోతుంది. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు పశువైద్యుల రికార్డులు తిరగేసి 2020లో చెప్పిందీ ఇలాంటిదే. అక్కడ వేడి దెబ్బ తిన్న కుక్కల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు శ్రమ వల్ల తిన్నవే. కార్లలో వదిలేయడం వల్ల దెబ్బతిన్నవి ఇరవైలో ఒకటి. అంత చల్లటి దేశంలోనే పరిస్థితి అది.

కాబట్టి కుక్కతో నడక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, తెల్లవారుజాము నుంచి తొమ్మిది లోపు, మళ్లీ పొద్దు వాలాక. అయితే ఈ వేళల్లోనూ ఒక మెలిక ఉంది. నెర్రెల్లో ఎలుకలుంటాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. వేడి పెరిగే రోజుల్లో రక్తపింజరి, చిన్నపింజరి తిరిగేదీ మనం ఎంచుకున్న ఆ చల్లటి పూటల్లోనే. కుక్క ప్రతి నెర్రెలో ముక్కు పెడుతుంది కాబట్టి కాటు మూతికో ముందుకాలికో పడుతుంది. టార్చి, పొట్టి గొలుసు వెంట ఉండాలి. కాటు పడితే కోయడాలు, కట్లు కట్టడాలు వద్దు. నడిపించకుండా ఎత్తుకొని డాక్టరు దగ్గరికి. మనుషులకు వాడే విషవిరుగుడు మందే కుక్కలకూ పనిచేస్తుంది.

వడదెబ్బ లక్షణాలు చూస్తే తెలిసిపోతాయి, చూడాలంతే. నాలుక చివర వెడల్పుగా పరుచుకొని వేలాడుతుంది. చిగుళ్లు ఎర్రబడతాయి, చొంగ తీగలు సాగుతుంది, ముందు నడిచే కుక్క వెనకబడుతుంది. ఆ తర్వాతది తూలడం, వాంతి. తూలిన కుక్కను బండెక్కించి పరుగెత్తాలని మనసు లాగుతుంది. రాయల్ వెటర్నరీ కాలేజీ 2023లో చూసినప్పుడు ఆస్పత్రికి చేర్చకముందు చల్లబరిచిన కుక్కలు నాలుగో వంతుకు మించలేదు. ముందు చల్లబరచాలి, తర్వాతే ప్రయాణం. ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద, పొట్ట కింద, తొడల సందున పోసి, టవలుతో విసరాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే అదే దుప్పటై వేడిని లోపల బంధిస్తుంది. స్పృహ తప్పిన కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు. చన్నీళ్లు పోస్తే చచ్చిపోతుందన్న భయం అక్కర్లేదు, ఆలస్యమే ప్రమాదం. ఒకరు నీళ్లు పోస్తుండగా రెండోవాళ్లు 1962కు ఫోన్ చేయవచ్చు. 2022 మే నుంచి రాష్ట్రంలో నియోజకవర్గాల వారీగా తిరుగుతున్న సంచార పశువైద్య వాహనాల నంబరు అది, విడపనకల్లు ఉరవకొండ నియోజకవర్గం కిందికి వస్తుంది. బండి వచ్చేదాకా నీళ్లు పోయడం, విసరడం ఆపకూడదు.